తాయ్‌చీ, చీగాంగ్: వృద్ధుల నిలకడ కోణంలో ఒక పోలిక, ఇచ్చోడ సందర్భం

నిర్మల్‌కు, ఆదిలాబాద్‌కు నడుమ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది ఇచ్చోడ. చుట్టుపక్కల పల్లెలకు పత్తి చేనే ఆధారం. ఏళ్ల తరబడి నడుం వంచి పత్తి ఏరిన మనిషికి అరవై దాటాక వ్యాయామం చెయ్యమని చెబితే నవ్వొస్తుంది. అయితే ఒళ్లు వంచే శ్రమ వేరు, కాలు జారినప్పుడు పడిపోకుండా నిలదొక్కుకునే నేర్పు వేరు. ముసలితనంలో తుంటి ఎముక విరగడం చాలావరకు పడిపోవడం వల్లనే. నిలదొక్కుకునే నేర్పును పెంచుతాయని పేరున్న తాయ్‌చీ, చీగాంగ్ అనే రెండు చైనా పద్ధతులను మన ఆరోగ్య రచనలు ఒకే గాటన కట్టేస్తుంటాయి. వాటిని విడదీసి చూడాలి.

రెండింటికీ ప్రాచీనతను అంటగట్టడం మామూలే. చైనాలోని మవాంగ్‌దూయ్‌లో 1970లలో తవ్విన, క్రీ.పూ. 168 నాటి సమాధిలో దొరికిన పట్టు చిత్రం వ్యాయామ భంగిమలతో నిండి ఉంది. చీగాంగ్‌వాళ్లు దాన్ని తమ మూలంగా చెప్పుకుంటారు. తాయ్‌చీ పుట్టుక యుద్ధవిద్య. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగో ఊరివాడైన 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్ దాని ఆద్యుడని చెన్ వంశీకుల కథనం. కానీ పార్కుల్లో ఇవాళ కనిపించే రూపాలు రెండింటినీ మలచింది 1950ల చైనా ప్రభుత్వమే. 24 భంగిమల సరళ తాయ్‌చీ 1956లో వచ్చింది. అదే దశకంలో లియు గుయిజెన్ హెబెయ్‌లో శ్వాస సాధనలను చికిత్సాలయంలోకి తెచ్చి చీగాంగ్ పేరుకు ప్రచారం కల్పించాడు.

అసలు తేడా పాదాల దగ్గర ఉంది. చీగాంగ్‌లో ఎక్కువమంది చేసే బాదువాన్‌జిన్‌లో ఎనిమిది కదలికలుంటాయి. దాదాపు నిలబడ్డచోటే చేస్తారు. విల్లు లాగినట్టు చేతులు చాచడం, చివర మడమలెత్తి దించడం వంటివి తొందరగా వచ్చేస్తాయి. తాయ్‌చీలో అడుగు పడుతుంది, బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా మారుతుంది, నడుము తిరుగుతుంది, వరుస గుర్తుండాలి. అందుకే నేర్చుకోవడం కష్టం. మోకాళ్లు అరిగినవాళ్లు మరీ కిందికి వంగితే నొప్పి పెరుగుతుంది కూడా.

నిరూపణల విషయానికొస్తే తాయ్‌చీది పైచేయి. ఫుజోంగ్ లీ బృందం అమెరికాలోని ఆరెగాన్‌లో, పడిపోయే ముప్పున్న 70 ఏళ్లు దాటిన 670 మందిపై చేసిన పరీక్ష 2018లో వెలువడింది. 24 వారాలు, వారానికి రెండు తరగతులు. ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే తాయ్‌చీ బృందంలో పడిపోవడాలు 58 శాతం తగ్గాయి. బలం, సమతుల్యం, ఏరోబిక్స్ కలిపి చేసినవాళ్లతో పోలిస్తే 31 శాతం. ఇక్కడొక తమాషా ఉంది. పరీక్షించినది చెన్ ఊరి పాత విద్య కాదు, 24 భంగిమల్లోంచి ఎనిమిదికి కుదించి, నిలకడ కోసం సవరించిన రూపం. కదలికల లెక్క చూస్తే అది బాదువాన్‌జిన్‌కు దగ్గరైంది. మిగిలిన తేడా అడుగు, బరువు మార్పిడి. కాబట్టి ఈ ఫలితాన్ని తీసుకెళ్లి చీగాంగ్ ఖాతాలో రాయడం కుదరదు. అదే సమయంలో, ఘనతంతా తాయ్‌చీ అనే పేరుకు కట్టబెట్టడమూ నాకు ఒప్పుదల కాదు.

ఆదిలాబాద్‌లో అడుగు, బరువు మార్పిడి అనగానే గోండుల గుస్సాడీ నృత్యం గుర్తుకొస్తుంది. ఆ నృత్యంలో 2021లో పద్మశ్రీ అందుకున్న మర్లవాయి కనకరాజు గణతంత్ర వేడుకలకు దాన్ని ఢిల్లీకి తీసుకెళ్లారు. దీపావళి వేళ జరిగే దండారి పండుగలో నెమలి ఈకల కిరీటం పెట్టుకున్న గోండు మనిషి దేవుడి మనిషి, వ్యాయామం చేసేవాడు కాడు. మోకాళ్ల మందుగా దాన్ని సరళం చేద్దామనే ఆలోచన నాకు నచ్చదు. అయితే డప్పు దరువుకు బరువు మార్చుకుంటూ అడుగేసే అలవాటు ఈ ప్రాంతపు ఒంటికి కొత్త కాదు. అంటే ఇక్కడ అడుగు నేర్పడానికి చైనా వరుస తప్పనిసరి కాదు.

ఈ తేడాను ఇచ్చోడలో పరీక్షించదలిస్తే పత్తి ఏరుడు అయిపోయాక, పల్లె దవాఖాన ముందర, ఒక బృందానికి నిలబడి చేసే బాదువాన్‌జిన్, మరో బృందానికి అడుగేసే సరళ తాయ్‌చీ నేర్పాలి. ఆశా కార్యకర్త నెలనెలా అడగాల్సింది ఒక్కటే: ఈ నెల ఎన్నిసార్లు పడ్డారు?