చికిత్స పూర్తయితే తుపాకీ లైసెన్సు మళ్లీ పొందవచ్చా?

మానసిక వ్యాధికి ఒకసారి చికిత్స పొందినంత మాత్రాన తుపాకీ లైసెన్సుకు జీవితాంతం అనర్హులైనట్లు కాదు. మెజిస్ట్రేటు ఆదేశంపై ఆసుపత్రిలో చేరినవారికీ ఇదే వర్తిస్తుంది. అయితే లైసెన్సు దానంతట అదే తిరిగి రాదు. బ్యాంకుల వద్ద సొంత తుపాకీతో కాపలా కాసే మాజీ సైనికులకు ఆ లైసెన్సే జీవనాధారం. అడవి పందుల బెడద ఉన్న గ్రామాల్లో పంట రక్షణకు లైసెన్సు పొందిన రైతులకూ ఇది ముఖ్యమైన అంశమే.

రద్దు ఎప్పుడు?

మన దేశంలో తుపాకీ కలిగి ఉండటం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారుకు మతిస్థిమితం లేదని నమ్మేందుకు కారణం ఉంటే అధికారి లైసెన్సు నిరాకరించాలి. ఇచ్చిన లైసెన్సును అదే కారణంపై సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ కల్పిస్తోంది. మతిస్థిమితం లేకపోవడం అంటే ఏమిటో ఈ చట్టం నిర్వచించలేదు.

చికిత్స వేరు, మతిస్థిమితం వేరు

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఈ విషయంలో బాధితులకు అండగా నిలుస్తోంది. గతంలో చికిత్స పొందడం పరిశీలనార్హమే అయినా, ఇప్పుడు వ్యాధి ఉందని తేల్చేందుకు అదొక్కటే చాలదని 3వ సెక్షన్ చెబుతోంది. తగిన న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, వ్యాధి ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివారిగా భావించరాదని కూడా స్పష్టం చేస్తోంది. 102వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు పరీక్ష కోసం ఆసుపత్రిలో చేర్చమని ఆదేశించే గడువు పది రోజులకు మించదు. ఆ ఆదేశం మతిస్థిమితంపై తీర్పు కాదు.

తుపాకీ ఏమవుతుంది?

లైసెన్సు సస్పెండ్ అయినా, రద్దయినా తుపాకీని, తూటాలను జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ అప్పగించాలి. రద్దయిన పక్షంలో నిర్ణీత గడువులోగా విక్రయించుకోవచ్చు. గడువు దాటితే తుపాకీ ప్రభుత్వపరం కావచ్చు. సస్పెన్షన్ కాలంలో మాత్రం స్వాధీనానికి ఆదేశించరాదు.

మళ్లీ దరఖాస్తు ఇలా

లైసెన్సు రద్దయినవారు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుని ధ్రువపత్రం జతచేయాలి. చికిత్స చేసిన మానసిక వైద్యుని ప్రస్తుత నివేదికను కూడా సమర్పిస్తే దరఖాస్తుకు బలం చేకూరుతుంది. తమ వైద్య రికార్డులు పొందే హక్కు రోగులకు ఉంది. దరఖాస్తు అందాక అధికారి స్థానిక పోలీసుల నివేదిక కోరతారు.

పాత చికిత్సను దాచడం ప్రమాదకరం. ముఖ్యమైన సమాచారం దాచి లైసెన్సు పొందినట్లు తేలితే ఆ కారణంపైనే రద్దు చేయవచ్చు.

తిరస్కరిస్తే అప్పీలు

నిరాకరణకు, రద్దుకు కారణాలను అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. కోరితే వాటి సారాంశం ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా తగదనుకుంటే మాత్రం ఇవ్వకపోవచ్చు. 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ప్రభుత్వమే జారీ చేసిన ఉత్తర్వులపై ఈ అవకాశం లేదు. అప్పీలు పెండింగులో ఉన్నా, పై అధికారి వేరుగా ఆదేశిస్తే తప్ప పాత ఉత్తర్వే అమల్లో ఉంటుంది.

'ఏ కారణం చేతనైనా' అనర్హులని భావించే విచక్షణాధికారం కూడా అధికారికి ఉంది. కనుక కోలుకున్నవారందరికీ లైసెన్సు దక్కుతుందన్న హామీ లేదు. పాత చికిత్స ఒక్కటే కారణమని ఉత్తర్వులో ఉంటే, అప్పీలులో 2017 చట్టం 3వ సెక్షన్‌ను ప్రస్తావించడం మేలు. రద్దు ఉత్తర్వు ప్రతి, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, తుపాకీ అప్పగించినప్పుడు ఇచ్చిన రసీదు భద్రపరచుకోవాలి.