ముత్యాల సరాల తోకచుక్క: ఖగోళజ్ఞానం, జ్యోతిష సంశయం

1910లో వెలువడిన గురజాడ ‘ముత్యాల సరములు’ను మాత్రాఛందస్సు చరిత్రలో భాగంగా చదవడం మనకు అలవాటు. అందులో తెల్లవారుజామున దంపతుల సంభాషణకు సందర్భమైన హేలీ తోకచుక్కను విమర్శకులు తరచు నేపథ్యంగానే పరిగణిస్తారు. నా దృష్టిలో ఆ ఖండికలోని వాదానికి ఆధారమే అది.

ధూమకేతువు అరిష్టసూచకమన్నది పాత నమ్మకం. వరాహమిహిరుని బృహత్సంహిత కేతుచారానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించింది. దాని రాకపోకలకు లెక్క అందకపోవడమే ఆ భయానికి మూలం. 1531, 1607, 1682లలో కనిపించినది ఒకే తోకచుక్క అని, 1758లో మళ్లీ వస్తుందని ఎడ్మండ్ హేలీ 1705లో ప్రకటించాడు. ఆయన 1742లో మరణించాడు. తోకచుక్క 1758 డిసెంబరులో కనిపించింది. ముందే కబురు పెట్టి వచ్చే చుట్టాన్ని అపశకునమనడం కష్టం. గురజాడ కథకుడు దానిని భూమికి దూరబంధువుగా భావించడంలోనూ, సంస్కరణకు పతాకగా తలచడంలోనూ ఈ లెక్క తెలిసినవాని నిబ్బరం ఉంది. సంభాషణ అక్కడినుంచి సహపంక్తి భోజనానికి మళ్లుతుంది. ఆకాశం గురించిన సంశయం కులం దాకా వచ్చిందన్న మాట.

అయితే ఖగోళజ్ఞానం పెరిగితే జ్యోతిషం సన్నగిల్లుతుందని దీన్నిబట్టి తేల్చడం తొందరపాటు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. పాత సిద్ధాంతగణితం ఆకాశంతో పొసగడం లేదని గుర్తించి దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించాడు. దానివల్ల తిథి, గ్రహణకాలాల గణితం సవరణకు వచ్చింది. ఫలభాగం మాత్రం చెక్కుచెదరలేదు. పైగా, కొత్త గణితపు కచ్చితత్వమే ఫలితాల మీద నమ్మకానికి ఊతమైందని నా అనుమానం.

ఉత్తరాయణం విషయం ఇంకా విచిత్రం. పూర్వం ఆశ్లేష మధ్యంలో జరిగిన దక్షిణాయనారంభం తన కాలానికి కర్కాటకాదికి మారిందని, ప్రత్యక్ష పరీక్షతో తేల్చుకోవాలని 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు చెప్పాడు. అయనచలనం సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మన పంచాంగాల్లో ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14 లేదా 15న. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం సిఫారసులతో 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమలుకు వచ్చినా, మిరుదొడ్డిలో మాకు ఉగాది పంచాంగ శ్రవణమే ప్రమాణం. ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు అందరూ చెవియొగ్గి వింటారు. అయనాంశ ఎంతని అడిగినవారిని నేను చూడలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు ప్రవేశపెట్టాలని యూజీసీ 2001లో నిర్ణయించినప్పుడు, హైదరాబాదులోని సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకులు పి. ఎం. భార్గవ తదితరులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టును ఆశ్రయించారు. విద్యావిషయాల్లో నిపుణుల సంస్థ నిర్ణయాన్ని కాదనడం తమ పని కాదంటూ 2004లో ఆ న్యాయస్థానమూ అప్పీలును కొట్టివేసింది.