కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉంటే చాలదు.. పొలం దస్తావేజుకూ తాళం వేయండి

ఉగాది మర్నాడు కైరుప్పలలో పిడకల సమరం. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేసుకుంటూ ఆ పండగకు ఊరెళ్లే వాళ్లకు ఇంకో పని కూడా ఉంటుంది. నాన్న పాసుపుస్తకం, పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజు, అమ్మ ఆధార్ ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో స్కాన్ చేయించి వెంట తెచ్చుకోవడం. ఇల్లు చేరాక ఆ ఫైళ్లు కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద 'న్యూ ఫోల్డర్'లో పడి ఉంటాయి. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే ఇది చదవండి.

దస్తావేజు స్కాన్‌ను ఇంత పట్టించుకోవాలా అనిపించవచ్చు. పట్టించుకోవాలి. అందులో ఆస్తి వివరాలతో పాటు ఫొటోలు, సంతకాలు, వేలిముద్రలు, చాలాసార్లు ఆధార్ నంబర్ కూడా ఉంటాయి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి పోలీసులకు చిక్కాడు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దింపుకొని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి, ఇతరుల పేర్లతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు. ఆధార్, వేలిముద్రతో బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసుకునే సదుపాయం ఇప్పుడు పల్లెపల్లెనా ఉంది. కాబట్టి నష్టం సిమ్ దగ్గరే ఆగదు.

లాగిన్ పాస్‌వర్డ్ ఏం కాపాడుతుంది?

కంప్యూటర్ ఆన్ చేసే మనిషిని ఆపుతుంది. అంతే. రిపేరుకిచ్చినప్పుడు హార్డ్‌డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఎన్‌క్రిప్షన్ లేని ఫైళ్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. ఫోల్డర్‌ను 'హిడెన్' చేయడం కూడా తాళం కాదు, ముసుగు మాత్రమే. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కనిపించే ఎన్‌క్రిప్ట్ ఆప్షన్ విండోస్ హోమ్ ఎడిషన్‌లో పనిచేయదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఆ ఎడిషనే.

ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ముందే ఉంది కదా అంటారా? పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం.. ఇదే ఆ పాస్‌వర్డ్. ఈ-పాన్‌కైతే పుట్టిన తేదీ. మిమ్మల్ని ఎరిగిన వాళ్లెవరైనా రెండు నిమిషాల్లో తెరిచేస్తారు. దాన్ని తాళం కింద లెక్కేయకండి.

తాళం ఎలా వేయాలి?

అన్ని రకాల ఫైళ్లకూ పనికొచ్చే సులువైన దారి 7-జిప్. ఉచితం. విండోస్‌లో ముందే ఉండే జిప్ సదుపాయంతో పాస్‌వర్డ్ పెట్టలేం కాబట్టి దీన్ని దాని సొంత వెబ్‌సైట్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి, 7-జిప్ మెనూలో 'యాడ్ టు ఆర్కైవ్' నొక్కండి. ఫార్మాట్ 7జెడ్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. కిందనే 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' అని చిన్న గడి ఉంటుంది. దానికీ టిక్ పెట్టండి. లేదంటే ఫైల్ తెరవకపోయినా 'నాన్న పొలం దస్తావేజు' అన్న పేరు అందరికీ కనిపిస్తుంది.

తర్వాత చేయాల్సిందే చాలామంది మరిచిపోతారు. తాళం వేసిన ఫైల్‌ను ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి తెరిచి చూడండి. అందులో అన్నీ ఉన్నాయని తేలాకే పాత ఫోల్డర్‌ను తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, వాట్సాప్ చాట్‌లో, ఫోన్ గ్యాలరీలో ఉన్న కాపీల సంగతీ చూడాలి. బీరువాకు తాళం వేసి నగలు మంచం మీద వదిలేస్తే లాభమేముంది!

ఒక్క వర్డ్ ఫైల్‌కే తాళం కావాలంటే ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ డాక్యుమెంట్‌లోకి వెళ్లి 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' నొక్కితే సరి.

పాస్‌వర్డ్ మరిచిపోతే?

ఇక్కడ 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' బటన్ ఉండదు, ఓటీపీ రాదు. ఆ ఫైల్ పోయినట్టే. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి పెట్టుకోండి. పొడవుగా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. ఊరి పేరు, పిల్లల పేర్లు వద్దు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఆ సంగతి తెలిసి ఉండాలి. రేపు మీరు ఆసుపత్రిలో ఉంటే కాగితాలు తీయాల్సింది వాళ్లే. తాళం వేసిన ఫైల్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అసలు దస్తావేజులు ఎలాగూ భద్రంగా దాచుకోవాల్సిందే.

అన్నీ కంప్యూటర్‌లో ఉంచాల్సిన పనీ లేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ డిజిలాకర్‌లో అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' సరిపోతుందేమో ముందు అడగండి.

నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించినప్పుడు ఫైల్ మీకు చేరగానే అక్కడి కంప్యూటర్‌లో మీ ఎదుటే తీసేయమనండి, వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లాగౌట్ అవ్వండి. అమ్మానాన్నల వేలిముద్రలు ఇప్పటికే ఎక్కడెక్కడికి వెళ్లాయో తెలియకపోతే, ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి. ఆధార్‌కు మొబైల్ నంబర్ లింకై ఉండాలి. వేలిముద్ర వేయాల్సిన రోజు లాక్ తీసి, పని అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి.