వికర్స్ వైకింగ్

వైకింగ్ బ్రిటన్‌కు చెందిన వికర్స్ సంస్థ 1919లో తయారుచేసిన ఉభయచర విమానం. నేల మీద నుంచీ నీటి మీద నుంచీ లేవగలదు, రెండింటి మీదా దిగగలదు. రూపకర్త రెక్స్ పియర్సన్. లండన్‌కు నైరుతిన వైబ్రిడ్జ్‌లోని వికర్స్ కర్మాగారంలో, బ్రూక్‌లాండ్స్ మైదానం పక్కనే ఇది పుట్టింది. అన్ని రకాలూ కలిపి 31 తయారయ్యాయి. పరీక్షల రోజుల్లో ఈ విమానం ఇద్దరు పేరుమోసిన వైమానికులను బలి తీసుకుంది. చరిత్ర దీన్ని ఎక్కువగా గుర్తుంచుకున్నది అందుకే.

ఆ ఇద్దరికీ పేరు తెచ్చిపెట్టింది కూడా పియర్సన్ విమానమే, విమి అనే రెండింజన్ల బాంబర్. 1919 జూన్ 14న న్యూఫౌండ్‌లాండ్‌లో బయల్దేరి మర్నాడు ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్ దగ్గర దిగిన జాన్ అల్కాక్, ఆర్థర్ బ్రౌన్‌లు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన తొలి వైమానికులయ్యారు. అదే ఏడాది నవంబరు, డిసెంబరుల్లో రాస్ స్మిత్, అతని అన్న కీత్, మెకానిక్కులు బెనెట్, షియర్స్ మరో విమిలో ఇంగ్లండు నుంచి కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తాల మీదుగా ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరారు. వైకింగ్ బలి తీసుకున్న ఆ ఇద్దరు, అల్కాక్, రాస్ స్మిత్, 1892లో పుట్టినవాళ్ళే.

మొదటి నమూనా వైకింగ్ ఐదుగురు కూర్చునే చిన్న విమానం. ఒళ్ళంతా కొయ్య పడవ. పడవ పైన రెండంతస్తుల రెక్కలు, వాటి మధ్య వెనక్కి తిరిగిన ప్రొపెల్లర్‌తో ఒకే ఒక రోల్స్‌రాయిస్ ఫాల్కన్ ఇంజను. నీళ్ళు ఎగిరి పడకుండా ఇంజను అంత ఎత్తున పెట్టారు. దానికీ ఒక ఖరీదుంది. తోపు పైనుంచి వస్తుంది కనుక ఇంజను జోరు పెంచితే ముక్కు కిందికి వంగజూస్తుంది, తగ్గిస్తే పైకి లేవజూస్తుంది. మామూలు విమానానికి అలవాటుపడ్డ చేతికి ఇది తిరకాసే. ఇక చక్రాలు. నీటిలో దిగేముందు వాటిని పడవ పక్కలకు ఎత్తుకోవాలి, నేల మీదికి వచ్చేముందు దించాలి. దించిన చక్రాలతో నీటిని తాకితే పల్టీ కొట్టే ప్రమాదం. ఎత్తిన చక్రాలతో నేలను తాకితే పడవ పొట్ట చీలుతుంది. ఉభయచర విమానాలు నడిపేవారిని ఈ మతిమరుపు భయం ఇప్పటికీ వదల్లేదు.

పరీక్షలు మొదలై ఎన్నాళ్ళో కాకముందే, డిసెంబరులో ఈ నమూనాను పారిస్ వైమానిక ప్రదర్శనకు పంపాలని సంస్థ నిర్ణయించింది. కొత్త విమానాన్ని శీతకాలంలో సముద్రం దాటించడంలో ఉన్న తొందర ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. అట్లాంటిక్ దాటిన విమిని ఆ నెల 15న లండన్ సైన్స్ మ్యూజియానికి అప్పగించిన కార్యక్రమంలో అల్కాక్ ఉన్నాడు. 18న ఒంటరిగా వైకింగ్ తీసుకుని బయల్దేరాడు. నార్మండీలో రువాన్ సమీపానికి వచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. పొలంలో దింపబోయి కూలిపోయాడు, ఆ గాయాలతోనే చనిపోయాడు. వయసు 27.

అయినా వికర్స్ వైకింగ్‌ను వదల్లేదు. మరింత బలమైన ఇంజన్లతో రెండో, మూడో నమూనాలు వచ్చాయి. 1920 సెప్టెంబరులో బ్రిటిష్ వైమానిక శాఖ ఉభయచర విమానాలకు పోటీ పెట్టింది. నేల పరీక్షలు మార్టిల్‌షామ్ హీత్‌లో, సముద్ర పరీక్షలు ఫెలిక్స్‌టోలో. 450 అశ్వశక్తి నేపియర్ లయన్ ఇంజనున్న మూడో వైకింగ్‌ను సంస్థ టెస్ట్ పైలట్ స్టాన్లీ కాకెరెల్ నడిపాడు. మొదటి బహుమతి 10,000 పౌండ్లు దానికే దక్కింది. రెండో స్థానంలో నిలిచిన సూపర్‌మెరీన్ విమానం న్యాయనిర్ణేతలకు ఎంత నచ్చిందంటే, దాని బహుమతిని 4,000 నుంచి 8,000 పౌండ్లకు పెంచారు.

నాలుగో వైకింగ్‌లో ప్రపంచాన్ని చుట్టి రావాలని రాస్ స్మిత్ సంకల్పించాడు. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు, 1922 ఏప్రిల్ 13న, బ్రూక్‌లాండ్స్‌లో పరీక్ష. ముందు కాకెరెల్ ఒకసారి ఎగిరి దించాడు. తరువాత రాస్, బెనెట్ ఎక్కారు. నెలల తరబడి విమానం నడపని రాస్‌కు ఈ విమానం కొత్త. కీత్ రావడం ఆలస్యమైంది, అందుకే అతను వాళ్ళతో ఎక్కలేదు. విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోవడం అతను నేల మీద నుంచి చూశాడు. అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. ఈ రకం విమానంతో పైలట్‌కు పరిచయం లేకపోవడమే కారణమని విచారణ తేల్చింది. ఇంజను ఎత్తు వల్ల వచ్చే ఆ తిరకాసును గుర్తు చేసుకుంటే, తప్పంతా పైలట్ నెత్తిన రుద్దడం సబబుగా తోచదు.

మరుసటి ఏడాది నుంచి కెనడా వైమానిక దళం అడవుల మీద గస్తీకీ, సర్వేలకూ వైకింగ్‌లను వాడుకుంది. వాటిలో ఆరింటిని మాంట్రియల్‌లోనే తయారుచేశారు. నదులూ సరస్సులూ నిండిన ఆ దేశంలో ఈ విమానానికి చేతినిండా పని దొరికింది.

రాస్ స్మిత్ తలపెట్టిన భూప్రదక్షిణకు 1924లో మెక్లారెన్ అనే వైమానికుడి బృందం పూనుకుంది. వైకింగ్ నుంచి వచ్చిన వల్చర్ అనే రకం వారి వాహనం. ఇంగ్లండులో బయల్దేరి కలకత్తా దాటాక బర్మాలోని అక్యాబ్‌లో అది పాడైంది. జపాన్‌లో సిద్ధంగా ఉంచిన రెండో వల్చర్‌ను అమెరికా నౌకాదళ ఓడ అక్కడికి మోసుకొచ్చింది. ఆగస్టులో బేరింగ్ సముద్రం మీద మళ్ళీ పొగమంచు అడ్డుపడి నీటిలో దిగాల్సి వచ్చింది. యాత్ర అక్కడితో ఆగింది. ఈసారి మాత్రం అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.