కుట్టుపని చాటున చదువు

1996 నాటికి తాలిబన్ల ఏలుబడిలోని అఫ్గాన్ నగరం హెరాత్‌లో ఆడవాళ్లకు మిగిలిన కొద్దిపాటి అనుమతుల్లో కుట్టుపని ఒకటి. బడికి వెళ్లకూడదు, ఉద్యోగం చేయకూడదు, దగ్గరి బంధువైన మగవాడు తోడు లేకుండా గడప దాటకూడదు. సూదీ దారం పట్టుకుంటే మాత్రం తాలిబన్లకు అభ్యంతరం లేదు.

ఆ ఒక్క సందూ చాలింది. 'బంగారు సూది' పేరుతో ఒక కుట్టు శిక్షణ కేంద్రం వెలిసింది. వారానికి మూడు రోజులు బురఖాలు వేసుకున్న ఆడపిల్లలు కుట్టు సంచులు పట్టుకుని అక్కడికి వచ్చేవారు. సంచిలో పైన గుడ్డ పీలికలు, అడుగున నోటు పుస్తకాలు. తలుపు మూశాక సాగేది సాహిత్య పాఠం. హెరాత్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మొహమ్మద్ అలీ రహ్యాబ్ వంటివారు ప్రాణాలకు తెగించి పాఠాలు చెప్పారు. పారశీక కవులతో పాటు షేక్‌స్పియర్, దోస్తోయెవ్‌స్కీ కూడా ఆ గదిలోకి వచ్చారు. బయట సందులో పిల్లలు ఆడుకుంటూ కాపలా కాసేవారు. మత పోలీసుల జాడ కనిపిస్తే లోపలికి కబురందేది, పుస్తకాలు మాయమై చేతుల్లోకి సూదులు వచ్చేవి. పట్టుబడితే ఎంత దారుణమైన శిక్ష పడుతుందో ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

అలా చదువుకున్నవారిలో నాదియా అంజుమన్ ఒకరు. 1980లో పుట్టిన ఆమె తాలిబన్లు పోయాక విశ్వవిద్యాలయంలో చేరి, 2005లో తొలి కవితా సంపుటి తెచ్చింది. అదే ఏడాది నవంబరులో భర్త చేతి దెబ్బలు తిని చనిపోయింది. అప్పటికామెకు పాతికేళ్లు కూడా నిండలేదు. తాలిబన్లు గద్దె దిగినంత మాత్రాన ఇంటి లోపలి పెత్తనం దిగిపోదు. అఫ్గాన్ మహిళల కథ చెప్పేవాళ్లు ఈ చేదు నిజాన్ని దాటవేయకూడదు.

ఆడపిల్లల చదువు తమ సంస్కృతికి సరిపడదని తాలిబన్లు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ మాట అబద్ధమనడానికి హెరాత్ నగరమే సాక్ష్యం. 15వ శతాబ్దంలో తైమూరు వంశపు రాణి గౌహర్‌షాద్ ఇక్కడ మసీదునూ మదర్సానూ కట్టించింది. 1885లో రష్యా సైన్యం వస్తుందన్న భయంతో ఆ కట్టడాల్లో చాలా భాగాన్ని కూల్చేశారు. ఆమె సమాధి మందిరం మాత్రం ఇప్పటికీ ఉంది.

అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు కూడా. కాబూల్‌లో మస్తూరాత్ అనే బాలికల పాఠశాల 1921లోనే మొదలైంది. దాని వెనక ఉన్నది రాజు అమానుల్లా భార్య సొరాయా. ఆమె తల్లి అస్మా రస్మియా అదే కాలంలో 'ఇర్షాద్-ఎ-నిస్వాన్' అనే స్త్రీల పత్రిక నడిపింది. 1928లో కొందరు అమ్మాయిలను పై చదువులకు టర్కీ పంపారు. పాశ్చాత్య సైన్యాలు మోసుకొచ్చిన చదువు కాదిది. బ్రిటిష్ వాళ్లతో పోరాడి 1919లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న రాజ్యం తన బిడ్డలకు తానే పెట్టుకున్న బడి.

రాజుపై తిరుగుబాటు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పన్నుల భారం, నిర్బంధ సైనిక సేవ, తెగల పెద్దల అధికారానికి కోత వంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ జనాన్ని రెచ్చగొట్టడానికి వాడుకున్నది రాణి ముఖాన్ని. యూరప్ పర్యటనలో ఆమె ముసుగు లేకుండా దిగిన ఫొటోలను ఊళ్లలో పంచారు. 1929 జనవరిలో అమానుల్లా గద్దె దిగాడు, టర్కీ వెళ్లిన అమ్మాయిలను వెనక్కి పిలిపించారు, బడి మూతపడింది. ప్రవాసం వెళ్తూ రాజకుటుంబం బొంబాయిలో ఆగింది. అక్కడే సొరాయాకు ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకు వాళ్లు పెట్టుకున్న పేరు ఇండియా.

మూసిన బడులు 1930ల్లో మెల్లగా తెరుచుకున్నాయి. 1959 స్వాతంత్ర్య ఉత్సవాల వేదికపై రాజకుటుంబ స్త్రీలు ముసుగు లేకుండా కూర్చున్నారు. 1964 రాజ్యాంగం ముసాయిదా రాసినవారిలో కుబ్రా నూర్జాయ్, మాసూమా ఇస్మతీ అనే ఇద్దరు మహిళలున్నారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో నలుగురు మహిళలు పార్లమెంటుకు గెలిచారు. ఈ వెలుగు ఎక్కువగా పట్టణాలకే పరిమితమైంది. పల్లె పిల్లకు బడి అందలేదు. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం తుపాకీ నీడలో అక్షరాస్యత నేర్పబోయి చదువు మీదే ద్వేషం పెంచింది. దానిపై పోరాడిన ముజాహిదీన్ పార్టీలకు అమెరికా, పాకిస్తాన్, సౌదీ డబ్బూ ఆయుధాలూ ఇచ్చాయి. వాళ్లలో ఛాందసులు ఆడవాళ్లను ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. 1977లో 'రావా' అనే మహిళా సంఘాన్ని స్థాపించిన మీనా అటు కమ్యూనిస్టులకు అండగా వచ్చిన సోవియట్ సైన్యాన్నీ ఇటు ఛాందసులనూ ఎదిరించింది. 1987 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఆమెను చంపేశారు.

1996 సెప్టెంబరులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్నప్పుడు బడుల్లో టీచర్లు ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లను ఇంటికి పంపేసరికి మగపిల్లల చదువూ దెబ్బతింది. ఇంట్లో ఆడవాళ్లు వీధిలోకి కనిపించకుండా కిటికీ అద్దాలకు రంగు పూయించారు. అయితే సైన్యంలో జనరల్ హోదా ఉన్న శస్త్రచికిత్స నిపుణురాలు సుహైలా సిద్దీక్ అవసరం మాత్రం వాళ్లకు పడింది. తీసేసిన కొన్ని నెలలకే ఆమెను ఆసుపత్రికి తిరిగి పిలిచారు. ఆమె బురఖా వేయనంది, వేయలేదు.

మరోపక్క ఇళ్లలో బడులు పుట్టాయి. హెరాత్‌లోనే పుట్టిన సకీనా యాకూబీ 1995లో స్థాపించిన సంస్థ అండతో 80 రహస్య బడుల్లో 3,000 మంది ఆడపిల్లలు చదువుకున్నారు. 2001లో తాలిబన్లు కూలగానే చదువు అంత వేగంగా పుంజుకుందంటే విదేశీ సాయంతో పాటు ఈ గదులూ కారణమే. 2018 నాటికి ప్రాథమిక పాఠశాలల్లో ఆడపిల్లలు దాదాపు 25 లక్షల మంది.

2021 ఆగస్టు 15న తాలిబన్లు తిరిగొచ్చారు. ఈసారి మారామన్నారు. నెల తిరిగేసరికి మహిళా వ్యవహారాల శాఖ భవనానికి నీతి శాఖ బోర్డు వేలాడింది. 2022 మార్చి 23న ఉన్నత పాఠశాలలు తెరుస్తామని చెప్పి, పిల్లలు యూనిఫాం వేసుకుని వచ్చాక కొద్ది గంటల్లోనే ఇంటికి పంపేశారు. అదే ఏడాది డిసెంబరులో ఆడవాళ్లకు విశ్వవిద్యాలయాలు, 2023లో బ్యూటీ పార్లర్లు, 2024 చివర్లో నర్సు, మంత్రసాని శిక్షణ ఆపేశారు. అక్కడ చాలాచోట్ల స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలి. ఆ స్త్రీలను తయారుచేసే చదువునే ఆపడమంటే కాన్పు గదిలో తల్లులను చావుకు వదిలేయడమే. యునెస్కో లెక్క ప్రకారం 2024 ఆగస్టుకు కనీసం 14 లక్షల మంది ఆడపిల్లలు ఆరో తరగతి తర్వాతి చదువుకు దూరమయ్యారు. స్త్రీ గొంతు బయట వినిపించకూడదని అదే నెలలో చట్టం తెస్తే, ఆడవాళ్లు పాడుతూ వీడియోలు పెట్టి జవాబిచ్చారు. కాబూల్ వీధుల్లో 'రొట్టె, పని, స్వేచ్ఛ' అని నినదించినవాళ్లు జైళ్లు చూశారు. ఇంటి బడులు మళ్లీ మొదలయ్యాయి. రేడియోలో, ఫోన్లలో పాఠాలు సాగుతున్నాయి.

2025 జులైలో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తాలిబన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదాపై, వాళ్ల ప్రధాన న్యాయమూర్తిపై స్త్రీలను హింసించిన నేరానికి అరెస్టు వారెంట్లు జారీచేసింది. అదే నెలలో రష్యా ఆ ప్రభుత్వాన్ని గుర్తించింది. అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తాఖీ ఢిల్లీ వచ్చి పెట్టిన మొదటి విలేకరుల సమావేశంలోకి మహిళా జర్నలిస్టులను రానివ్వలేదు. గొడవయ్యాక రెండు రోజులకు మరో సమావేశం పెట్టి వాళ్లను పిలిచారు. ఆ నెలలోనే భారత్ కాబూల్‌లో తన కార్యాలయాన్ని పూర్తిస్థాయి రాయబార కార్యాలయంగా మార్చింది.

పొరుగు దేశంతో మాటలుండటం తప్పు కాదు. ఆ మాటల్లో ఆడపిల్లల బడి ప్రస్తావన లేకపోవడం తప్పు. విలేకరులు రెండు రోజులు గట్టిగా నిలబడితే తాలిబన్ మంత్రి దిగివచ్చాడు కదా. బడులు ఎప్పుడు తెరుస్తారని ప్రతి సమావేశంలోనూ అడగమని మన ఎంపీలూ, పత్రికలూ, మనమూ ప్రభుత్వాన్ని నిలదీయాలి.