మన్యంలో ఇల్లు కొనవచ్చునా?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నలుగురికీ పనికివచ్చే చరిత్ర అయితే మంచిదని ఈ విషయం ఎంచుకున్నాను.

మన సమావేశాలలో డి.ఏ. బకాయిల ప్రస్తావన అయ్యాక తరచుగా వినిపించే మాట ఒకటుంది: “ఏ కొండమీదో చిన్న ఇల్లు కొనుక్కుని ప్రశాంతంగా ఉంటే బాగుండును.” కోనసీమవారికి ఈ కోరిక కలగడంలో వింత లేదు. మనది గోదావరి పాయల నడుమ పల్లపు నేల. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవాళ్ళం. పట్నంలో పిల్లల దగ్గర ఫ్లాటులో ఉన్నవారి ఇబ్బంది మరొక రకం. డాబామీద వడియాలు పెట్టరాదు, మెట్లదగ్గర చెప్పులు విడవరాదు అంటూ ఫ్లాట్ల సంఘం వారి నోటీసులు! ఇవేవీ లేని చోటు ఏదంటే గోకవరం దాటాక కనిపించే రంపచోడవరం, మారేడుమిల్లి కొండలే గుర్తుకు వస్తాయి.

నేను రెవెన్యూ శాఖలో ఉండగా కొంతకాలం రంపచోడవరంలో పనిచేశాను. అక్కడ ఫ్లాట్ల సంఘం లేదు గాని, దానికంటె గట్టి కట్టుబాటు ఒకటి ఉంది. అది భూమి చట్టం. దాని వెనుక నూటయాభై ఏళ్ళ కథ ఉంది.

మన్యాన్ని ఏజెన్సీ అనడానికి కారణం 1839 నాటి చట్టం. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలలో మామూలు కోర్టులు, నిబంధనలు తొలగించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించారు. ఆ పేరే తరువాత గోదావరి కొండలకూ వాడుకైంది.

ఇక్కడ మైదానంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడింది. కొండల్లో పరిస్థితి వేరు. రంప మన్సబుదారు చిగురుపన్ను పేరిట కల్లు మీద వసూళ్ళు చేసేవాడు. దానికితోడు ప్రభుత్వ ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు కూడా పోయింది. మరోపక్క కింది నుంచి వెళ్ళిన షావుకార్లు అప్పులిచ్చి, కోర్టుల్లో డిక్రీలు తెచ్చి కొండవారి పశువులను, ఆస్తిని జప్తు చేయించేవారు. ఆ కోర్టుల వ్యవహారం తెలియని మనుషులు అన్నీ పోగొట్టుకుని 1879లో తిరగబడ్డారు. అదే మొదటి రంప పితూరీ.

ఆ అనుభవం దృష్టిలో ఉండబట్టే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం చేసింది. కొండజాతివాడి భూమి ఇతరులకు వెళ్ళాలంటే ఏజెంటు ముందస్తు అనుమతి ఉండాలన్నది. అయినా అటవీ నిబంధనలు, రోడ్డు పనుల్లో వెట్టి తగ్గలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశారు. 1924 మే 7న ఆయన అమరులయ్యారు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద 1959లో మన రాష్ట్రం ఒకటవ నంబరు రెగ్యులేషను చేసింది. కాని గిరిజనేతరులు తమలో తాము అమ్మకాలు సాగించే వీలు మిగిలింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన సవరణ దానినీ మూసివేసింది. షెడ్యూలు ప్రాంతంలోని భూమిని అమ్మేవారు ఎవరైనా సరే, గిరిజనులకో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో అమ్మవలసిందే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా, రుజువు లేకపోతే, గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలన్నది. 1978 సవరణతో ఉల్లంఘన నేరమైంది. ఏడాది వరకు కఠిన జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. 1997 జూలై 11 నాటి సమతా తీర్పు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదన్నది.

ఇక మన వద్దకు వచ్చే మధ్యవర్తుల మాటలు చూడండి. “అమ్మకం కాకపోతే తొంభై తొమ్మిదేళ్ళ లీజు రాయిస్తాం, గిఫ్టు రాయిస్తాం” అంటారు. ఆ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం, లీజు, తనఖా, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. “గిరిజనుడి పేర కొందాం, అనుభవం మీదే” అంటారు. అలా కొన్న ఆస్తి నాదని దావా వేసే దారిని 1988 నాటి బినామీ చట్టం మూసివేసింది. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి ఇలాగే స్టాంపు కాగితం మీద సంతకాలు చేయించుకుని గ్రాట్యుటీ సొమ్మంతా ఇచ్చారు. స్థలమూ దక్కలేదు, సొమ్మూ తిరిగి రాలేదు. “ఇల్లు కట్టి చూడు” అన్న పెద్దలు ఇటువంటి ఇల్లు ఊహించి ఉండరు!

2022లో జిల్లాలు విడిపోయి మన కోనసీమ ఒక జిల్లా, ఆ కొండలు అల్లూరి పేర మరొక జిల్లా అయ్యాయి. జిల్లా పేరు ఏదైనా ఆ రెగ్యులేషను అలాగే వర్తిస్తుంది. కనుక అడ్వాన్సు ఇవ్వక ముందే ఆ గ్రామం షెడ్యూలు ప్రాంతంలో ఉన్నదా లేదా అని తహశీల్దారు కార్యాలయంలో గాని, ఐ.టి.డి.ఏ.లో గాని విచారించండి. ఉన్నదంటే ధర ఎంత తక్కువైనా ఆశ వదులుకోండి. షెడ్యూలులో చేరని కొండ గ్రామమైతే పట్టా, సర్వే నంబరు, ఈ.సి. చూసుకుని, అటవీ భూమి కాదని నిర్ధారించుకుని, నిక్షేపంగా కొనుక్కోండి.

ఇది మనమీద కక్షతో పెట్టిన ఆంక్ష కాదు. మన ముందుతరాలలో కొందరు అప్పుపత్రాలు చేతబట్టుకుని కొండ ఎక్కినందువల్ల వచ్చిన చట్టం. మనకు అది విశ్రాంతి గృహం కావచ్చు, అక్కడివారికి మాత్రం మిగిలిన ఆధారం ఆ నేల ఒక్కటే. చల్లగాలి కావాలంటే మారేడుమిల్లి అతిథిగృహంలో నాలుగు రోజులు గది తీసుకుని మనుమలతో హాయిగా గడిపి రండి. నేను ఏటా చేసేది అదే.