మీ ఫ్రెంచ్ రెడ్ వైన్ వేళ్లు అమెరికావి

ముందే చెప్పేస్తున్నా, నేను వైన్ ఎక్స్‌పర్ట్‌ని కాదు. గ్లాసు తిప్పి, వాసన చూసి "ఇందులో చెర్రీ ఉంది, పొగాకు ఉంది" అనడం నాకు రాదు. ఎప్పుడో ఒకసారి తాగితే మాత్రం ఫ్రెంచ్ రెడ్డే ఇష్టం. ఆ వైన్ అభిమానులు ఒక మాట అంటుంటారు, అదంతా ఫ్రాన్స్ మట్టి మహిమ అని. మట్టి ఫ్రాన్స్‌దే, నిజమే. అందులో ఉన్న వేళ్లు మాత్రం దాదాపు అన్నీ అమెరికా జాతివి. ఎందుకో చూద్దాం.

1860ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది దిగువన ద్రాక్ష తోటలు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. రైతులు చచ్చిన తీగ పీకి చూసేవాళ్లు. వేళ్లు కుళ్లిపోయి ఉండేవి, పురుగు మాత్రం ఒక్కటీ కనిపించేది కాదు. 1868 జూలైలో మోంపెల్లియేకి చెందిన వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్, ఇంకో ఇద్దరు కలిసి, చచ్చినదాన్ని వదిలేసి ఇంకా బతికున్న తీగని తవ్వారు. వేళ్ల నిండా పసుపు రంగు పురుగులు, కంటికి ఆనీ ఆననంత చిన్నవి! మన రైతులు పేనుబంక అంటారే, దానికి దగ్గరి చుట్టం. తీగ చచ్చేసరికి అవి పక్క తీగకి వెళ్లిపోయేవి. అందుకే దొంగ అన్నాళ్లూ దొరకలేదు. నాకైతే ఈ కథలో ఇదే బెస్ట్ సీన్.

దాని పేరు ఫిలోక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన తీగలతో పాటు వచ్చింది. 1875లో ఫ్రాన్స్ సుమారు 8.4 కోట్ల హెక్టోలీటర్ల వైన్ చేసింది. 1889కి అది 2.3 కోట్లకి పడిపోయింది. ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. కాస్త పనిచేసిన మందు కార్బన్ డైసల్ఫైడ్. అది విషం, మంటలు అంటుకునే రకం, పైగా ఖరీదు. పెద్ద ఎస్టేట్లు కొనుక్కున్నాయి. చిన్న రైతు ఏం కొంటాడు? తోట వదిలేసి అల్జీరియా వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

మరి అమెరికా తీగలు ఎందుకు చావట్లేదు? వేల ఏళ్లుగా ఆ పురుగుతో బతికి, తట్టుకోవడం నేర్చుకున్నాయి. అయితే వేరు అమెరికాది పెట్టి, పైన మన కాబర్నే, మెర్లో కట్టేద్దాం అన్నారు కొందరు. మనం మామిడికి అంటు కట్టినట్టే. పండు పైన కట్టిన కొమ్మదే వస్తుంది. అయినా చాలామంది ఒప్పుకోలేదు, వైన్ పాడైపోతుందని భయం. రోగం తెచ్చిన దేశం నుంచే మందు తీసుకోవాలంటే అహం కూడా అడ్డొస్తుంది కదా. చివరికి ఒప్పుకోక తప్పలేదు. బోర్డోకి చెందిన లాలిమాన్ ఈ దారి ముందే చెప్పానంటూ బహుమతి అడిగాడు. ఇవ్వలేదు. అది పురుగుని చంపే మందు కాదు, తప్పించుకునే ఉపాయం అన్నారు. ఎంత పిసినారితనం!

ఆఖరిదాకా మొండికేసింది బర్గండీలోని రొమానే-కోంతి తోట. మందు పోస్తూ సొంత వేళ్ల మీదే 1945 దాకా నిలిచింది. ఆ ఏడు వచ్చింది సుమారు 600 సీసాలే. ఆ తర్వాత తీగలు పీకేశారు. 2018లో న్యూయార్క్ వేలంలో ఆ 600లో ఒక సీసా 5,58,000 డాలర్లకి అమ్ముడైంది. ఆ తోట నుంచి మళ్లీ వైన్ వచ్చింది 1952లో, ఈసారి అంటు తీగలతో.